సినిమా మధ్యలో శుభం

కొత్త అల్లుడి పరువు అత్తారింట్లో ఎంతకాలం నిలుస్తుందని ఎవరైనా అడిగితే, మిగతా వాళ్ల సంగతి తెలియదు గానీ, నాది ఒక పాత సినిమా నిడివి కూడా నిలవలేదు. అదీ పాటలు తీసేసి లెక్కేస్తే. ఆ ఘోరం ఎలా జరిగిందో ఇప్పుడు చెబుతాను. మీరు నవ్వుకున్నా నాకేం ఫరవాలేదు. మా ఆవిడ అప్పట్నుంచీ నవ్వుతూనే ఉంది, మీవల్ల కొత్తగా జరిగే నష్టమేమీ లేదు.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. నేను కుదురుగా కూర్చోలేను. ఆ రోజుల్లో బెజవాడ ఆటోనగర్‌లో లారీల విడిభాగాలమ్మే ఒక కొట్లో లెక్కలు రాసేవాణ్ణి. కుర్చీలో కంటే కుర్చీ చుట్టూ ఎక్కువసేపు ఉండేవాణ్ణి. బెంజ్ సర్కిల్ దగ్గర ఎర్రలైటు పడితే, స్కూటర్ మీద ఉడుకుతున్న ఇడ్లీపాత్ర మూతలా ఎగిరెగిరి పడేవాణ్ణి. మా పెళ్లిలో పురోహితుణ్ణి ‘ఇంకా ఎన్ని పేజీలున్నాయండీ’ అని అడిగానని సుజాత, అంటే మా ఆవిడ, ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అది అబద్ధం. నేను అడగలేదు. ఆయన పుస్తకంలోకి తొంగి చూశాను, అంతే.

ఇలాంటి వాడికి దేవుడు ఏరికోరి ఎలాంటి మామగారినిచ్చాడో చూడండి. ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో ఇంజినీరుగా చేసి రిటైరై, అక్కడే ఇల్లు కట్టుకున్నారు. పాత సినిమాలంటే ప్రాణం. తెర మీద రంగులొచ్చిన రోజునే సినిమా అనేది అయిపోయిందని ఆయన నమ్మకం. సరిగ్గా అప్పుడే పాత సినిమాలన్నీ సీడీల మీద రావడం మొదలైంది. ఆయనకు రెక్కలొచ్చినట్టయింది. తనలాంటి వాళ్లను కాలనీలో పోగేసి, నెలకో ఆదివారం ఇంట్లో సభ పెట్టేవారు. సినిమా ఏదో ముందే అనుకుంటారు. ఎవరిళ్లలో వాళ్లు సీడీలు తెచ్చుకుని చూసి, ఆదివారం సాయంత్రం మామయ్యగారి హాల్లో చేరి అభిప్రాయాలు చెప్పుకోవాలి. అత్తయ్యగారు పెసరట్లు పోస్తారు. అభిప్రాయం చెప్పనివాళ్లకు రెండో పెసరట్టు లేదని మామయ్యగారు పెట్టిన నియమం.

మా పెళ్లైన కొత్తలోనే ఒకరోజు ఆయన ఫోన్ చేసి, ఈ నెల సభలో ముఖ్య ప్రసంగం నాదేనని చెప్పారు. నేను ఇంగ్లీషు సినిమా పత్రికలు చదువుతానని, సినిమా కళ మీద నాకు మంచి పట్టుందని అప్పటికే కాలనీ అంతా చెప్పేశారట. పెళ్లిచూపులకు వెళ్లిన రోజు నా చేతిలో అలాంటి పత్రిక ఒకటి ఉన్న మాట నిజమే. బస్సులో విసురుకోవడానికి కొన్నాను. ఆ ముక్క ఫోన్‌లో చెప్పేసి ఉంటే ఈ కథే ఉండేది కాదు. కానీ కొత్త అల్లుడు కదండీ, పొగుడుతుంటే కాదనడానికి నోరు రాలేదు.

తల్లికి సాయంగా ఉంటుందని సుజాత ముందే పుట్టింటికి వెళ్లింది. వెళ్తూ గుమ్మంలో ఆగి చెప్పింది. “ఏమండీ, పూర్తిగా చూడండి. పాటలు కూడా. మా నాన్న పాటల్లోంచి కూడా అడుగుతారు.”

సరేనన్నాను. సీడీలు అద్దెకు తెచ్చి టీవీ మీద పెట్టాను. అవి అక్కడే ఉండిపోయాయి. చివరికి ఆదివారం పొద్దున, ఇక తప్పదన్నప్పుడు చూడ్డానికి కూర్చున్నాను. కూర్చున్నాననడం మర్యాదకు. ఒక చేత్తో రిమోట్, ఇంకో చేత్తో గడ్డం గీసుకునే బ్రష్ పట్టుకుని, హాల్లోంచి పెరట్లోకీ పెరట్లోంచి హాల్లోకీ తిరుగుతూ చూశాను. సినిమా పేరు చెప్పను. దాని అభిమానులు ఇంకా గట్టిగానే ఉన్నారు.

ఇప్పటి పిల్లలకు ఒక సంగతి చెప్పాలి. అప్పట్లో పాత సినిమా మొత్తం ఒక సీడీలో పట్టేది కాదు. మూడింటి మీద వచ్చేది. ఒకటో సీడీ అయ్యాక రెండోది, రెండోది అయ్యాక మూడోది పెట్టుకోవాలి. ఒకటో తరగతి పిల్లాడైనా తప్పు చేయడానికి వీల్లేని ఏర్పాటు.

ఒకటోది బాగానే పెట్టాను. అందులో హీరో బల్లకట్టు నడుపుతుంటాడు. మునసబుగారమ్మాయి రోజూ ఏటికి అవతల ఏదో పనుందని ఆ బల్లకట్టెక్కుతుంది. ప్రేమ కుదురుతుంది. సీడీ అయిపోయింది. నా మొహం నిండా సబ్బునురగ, అందులో సగం కళ్లలోనే. చేతికందిన సీడీ తీసి లోపలికి తోశాను.

అదేం సినిమానోగానీ పరుగందుకుంది. వచ్చీరాగానే వరద. హీరో ఊరందరినీ బల్లకట్టు మీద ఒడ్డుకు చేర్చి, చివరికి పగవాడి కొడుకును కాపాడి, తను కొట్టుకుపోయాడు. మునసబుగారమ్మాయి తెల్లచీరలో ఒడ్డున నిలబడి ఏటివైపు చూస్తుంటే శుభం అని పడింది. నేను గడ్డం గీసుకోవడం ఆపేశాను. ఇంకా ఒక సీడీ మిగిలే ఉంది.

మీరైతే అక్కడ ఆగి సీడీ మీది అంకె చూసేవారు. నాకు ఆగడమంటే తెలియదని ముందే చెప్పాను కదా. మిగిలింది కూడా పెట్టాను. అందులో మునసబుగారమ్మాయి తలనిండా పూలు. బల్లకట్టు హీరో నిక్షేపంలా ఉన్నాడు. ఇద్దరికీ పెళ్లవుతోంది. ఆ తర్వాత ఏవో అపార్థాలు, అతని మీద దొంగతనం మోపడాలు, ఆమె అలిగి తలుపేసుకోవడాలు. చివరికి అతను తలుపు బయట నిలబడి, “నిజం చెబుతాను, విను” అని నోరు తెరిచాడు. తెర నల్లబడింది.

నాకు ఒళ్లు జలదరించింది. ఇంత గొప్ప సినిమా మన తెలుగులో ఉందా అనిపించింది. చనిపోయినవాడితో ఆ పిల్ల తన మనసులోనే పెళ్లి చేసుకుంది. మనసులోనే కాపురం చేసింది, మనసులోనే పోట్లాడింది. నిజం ఏమిటో చెప్పకుండా మనకే వదిలేశారు. ఆ ఊపులో స్కూటర్ మీద ఇబ్రహీంపట్నం దాకా ప్రసంగం చెప్పుకుంటూ వెళ్లాను. దారిలో లారీవాళ్లు నన్ను చూసి పక్కకు తప్పుకున్నారు.

సాయంత్రానికి హాలు నిండిపోయింది. మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్ను ఒక్కొక్కరికీ పేరుపేరునా పరిచయం చేశారు. ముందు వరసలో శేషగిరి మాస్టారున్నారు. హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు, మామయ్యగారితో వాదించడానికే సభకు వస్తారని సుజాత నాకు ముందే చెప్పింది. గోడ పక్క కుర్చీలో నాగరత్నమ్మగారని ఒక పెద్దావిడ కూర్చున్నారు. బందరులో చేపల వ్యాపారం చేసి, పెద్దతనంలో కూతురి దగ్గరికొచ్చి ఉంటున్నారు.

ఒకరి తర్వాత ఒకరు అభిప్రాయాలు చెబుతున్నారు. ఒకాయన సంగీతమన్నారు, ఇంకొకాయన వరద సీను తీయడంలో పడిన కష్టమన్నారు. నేను కుర్చీ అంచున కూర్చుని కాళ్లూపుతున్నాను. ఎవరూ అసలు సంగతి పట్టుకోవడం లేదు. ఇంతమంది పెద్దవాళ్లు ఇన్నేళ్లుగా ఈ సినిమా చూసి ఏం చూసినట్టని జాలేసింది. సుజాత వంటింటి గుమ్మంలో నిలబడి, కాళ్లూపడం ఆపమని కళ్లతోనే చెబుతోంది.

నా వంతు రాగానే లేచి నిలబడి, ఈ సినిమాలో హీరో చనిపోయాకే అసలు కథ మొదలవుతుందని అన్నాను. హాలు నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దాన్ని నేను మెచ్చుకోలనుకున్నాను. పెళ్లి ఊహ అని, కాపురం ఊహ అని, అలక కూడా ఊహేనని విడమరిచి చెప్పాను.

శేషగిరి మాస్టారు చెయ్యెత్తారు. “బాబూ, హీరో చచ్చిపోయేది ఆఖర్న గదా. నేను బెజవాడలో మొదటి ఆటకెళ్లి చూశాను. ఏడుస్తూ ఇంటికొచ్చాను.”

నేను నోరు తెరిచేలోపే మామయ్యగారు అందుకున్నారు. “ఏడుస్తూ కూర్చుంటే తర్వాతేం జరిగిందో ఎట్లా కనపడుద్ది మాస్టారూ? అబ్బాయి చెప్పింది నిజమే. అప్పట్లో మనకు అందలేదు.”

అల్లుడి మాట మీద ఆయనకున్న నమ్మకం అలాంటిది. ఆయన అలా అనేసరికి హాలు రెండుగా చీలింది. వెనక వరసలో ఒకాయన తనకూ అప్పట్లో లీలగా అలాంటి అనుమానమే వచ్చిందన్నారు. ఇంకొకరు పెళ్లి పాటలో పొగమంచు ఎక్కువుందని, ఊహ కాకపోతే అంత మంచెందుకని అడిగారు. కొందరు తమ జ్ఞాపకం మీద తామే అనుమానపడుతూ కళ్లజోళ్లు తుడుచుకున్నారు. మామయ్యగారు నా భుజం మీద చెయ్యేశారు. అక్కడితో నేను కూర్చుని ఉంటే ఆ రోజుకు గట్టెక్కేవాణ్ణి. కానీ నేను కూర్చోలేను. నా జబ్బే అది.

“అన్నిటికంటే గొప్ప సంగతి ఇంకా చెప్పలేదండీ,” అన్నాను. “సినిమా మధ్యలో శుభం అని వేశారు. ప్రపంచంలో ఇంకెవరైనా వేశారా?”

ఈసారి నిశ్శబ్దం వేరేగా ఉంది. గుమ్మంలో సుజాత కొంగు నోటికడ్డం పెట్టుకుంది. పెసరట్ల పళ్లెంతో వచ్చిన అత్తయ్యగారు నా పక్కనే ఆగారు. ఆవిడ ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు.

“బాబూ, శుభం పడ్డాక మీరు పెట్టింది రెండో సీడీ కాదు గదా?”

పొద్దుటి సబ్బునురగ, కళ్లమంట, చేతికందిన సీడీ, అన్నీ వరసగా, ఈసారి సరైన వరసలో, కళ్ల ముందు తిరిగాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కుర్చీలో కదలకుండా కూర్చున్నాను.

మామయ్యగారు నా వైపు చూశారు. తర్వాత సభవైపు తిరిగి గొంతు సవరించుకున్నారు. అల్లుడు కావాలనే అలా చెప్పాడని, ఎంతమంది శ్రద్ధగా చూశారో పరీక్షించాడని అన్నారు.

“పరీక్షే అయితే తమరు ఫెయిలయ్యారండీ,” అన్నారు మాస్టారు.

హాలంతా పగలబడి నవ్వింది. మామయ్యగారు నవ్వలేదు. కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని కూర్చున్నారు. ఇస్త్రీ చొక్కాలో ఆయన చిన్నవాడైపోయినట్టనిపించింది. నన్ను చూసి నవ్వితే పడతాను, అలవాటే. నా మాట నమ్మినందుకు ఆయన నవ్వులపాలవడం మాత్రం భరించలేకపోయాను. లేచి, తప్పంతా నాదేనని, సినిమా సగం గడ్డం గీసుకుంటూ చూశానని, ఆ ఇంగ్లీషు పత్రిక విసనకర్రగా కొన్నదేనని, అడగనివి కూడా చెప్పేశాను. నవ్వు రెట్టింపైంది. ఆయన తలెత్తలేదు.

అప్పుడు నాగరత్నమ్మగారు మాట్లాడారు.

“అబ్బాయి చూసినట్టే బాగుందండీ. మా ఆయన ఈ సినిమా ఆడినన్నాళ్లూ నన్ను బందరులో హాలుకు తీసుకెళ్లేవాడు. వరదొస్తదనగా చెయ్యి పట్టుకుని లేపేవాడు. ఇంతవరకూ చాల్లే, పోదాం పద అనేవాడు. ఏటి మీద చేపల వేటకు పోయే మనిషి గదా, ఆ సీను చూళ్లేకపోయేవాడు. నాకు ఈ సినిమాలో అతను చచ్చిపోతాడనే తెలీదు. మా అమ్మాయి సీడీ తెచ్చి ఆఖరిదాకా చూపించింది. ఎందుకు చూశానా అనుకున్నాను.”

ఆవిడ మామయ్యగారి వైపు తిరిగారు. “ఆ రెండో సీడీ వెయ్యండి. దాంతో ఆపేద్దాం.”

మామయ్యగారు జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. లేచి తన సీడీల్లోంచి రెండోది తీసి, అంకె ఒకటికి రెండుసార్లు చూసి మరీ పెట్టారు. రిమోట్ నాకు అందకుండా తన ఒళ్లో పెట్టుకున్నారు. పెళ్లయింది, పాటలయ్యాయి, అలకలయ్యాయి. నేను ఒక్క పాట కూడా దాటకుండా చూశాను, మరో దారి లేదు కాబట్టి. పాటలు బాగున్నాయి. హీరో తలుపు ముందు నిలబడి నోరు తెరిచాడు. తెర నల్లబడింది. ఎవరూ వెంటనే లేవలేదు. మాస్టారు కూడా మూడోది వెయ్యమనలేదు.

నాగరత్నమ్మగారు అందరికంటే ముందు లేచి, చెప్పులేసుకుంటూ నన్ను దగ్గరికి పిలిచారు.

“వచ్చే నెల సినిమాలో ఆఖర్న హీరోయిన్ పోద్దంట బాబూ. ఆవిణ్ణి కూడా కాస్త ముందుకు జరిపి పెట్టు.”

ఆ మాటకు మామయ్యగారు ఆ సాయంత్రం మొదటిసారి నవ్వారు. వెళ్లి అత్తయ్యగారితో అల్లుడికి రెండో పెసరట్టు వెయ్యమన్నారు.

ఇంటికొస్తుంటే స్కూటర్ వెనక కూర్చుని నవ్వాపుకోలేక సుజాత కన్నీళ్లతో నా వీపు తడుపుతోంది. నేను మాత్రం గంభీరంగా ప్రమాణం చేశాను. ఆంధ్రదేశంలోని సమస్త సీడీ షాపుల సాక్షిగా, ఇకపై అంకె చూడకుండా ఏ సీడీనీ ప్లేయర్‌లో పెట్టను. పెట్టినా దాని మీద అభిప్రాయం చెప్పను. చెప్పినా లేచి నిలబడి చెప్పను. నాగరత్నమ్మగారు అడిగితే తప్ప ఏ హీరోనూ బతికించను.