మలుపు తెలియని కారు

కష్టాలు వాటంతటవే వస్తాయనుకునేవాణ్ణి ఆ రోజుల్లో. పైపులు కోసి, వెల్డింగ్ చేసి, ఎర్ర రంగు పూసి వాటిని మనమే తయారుచేసుకోవచ్చని ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో తెలిసింది. సంగారెడ్డి దగ్గరి మా కాలేజీ నుంచి నలుగురం కలిసి, కాలేజీల పోటీ కోసం పటాన్‌చెరులో ఓ షెడ్డు కిరాయికి తీసుకుని ఒంటి సీటు స్పోర్ట్స్ కారు కట్టాం. డ్రైవర్ని నేను. ప్రతిభ చూసి కాదు, నలుగురిలో బరువు తక్కువ కాబట్టి. (అమ్మకు ఈ కారణం చెప్పలేదు.) అప్పటిదాకా నన్నెవరూ దేనికీ ఎంపిక చేసి ఎరగరు, బడిలో కబడ్డీకి కూడా మిగిలిపోయినవాడిగానే దొరికేవాణ్ణి. అందుకే అమ్మ కొల్లూరు కాలనీలో మా బ్లాకు మొత్తానికీ కబురు చేరవేసింది, కొడుకు రేసు కారు తోలుతున్నాడని. ఇక ఆ సీటులో పరువు నిలబెట్టుకోవడం తప్ప నాకు బతుకులో వేరే పని లేకుండా పోయింది.

మా కెప్టెన్‌ని ప్రొఫెసర్ అనేవాళ్ళం, చాయ్ తాగుతూ చాయ్ గురించి కూడా పాఠం చెప్తాడు కాబట్టి. మొదటిసారి నడిపితే స్టీరింగు గాలిలో తిప్పినట్టుంది, కారేమో తాగినవాడిలా అటూ ఇటూ ఊగుతోంది. “ఈ స్టీరింగు నాకేం చెప్తలేదు రా” అన్నాను. ప్రొఫెసర్ పాఠం మొదలుపెట్టాడు. సైకిల్ ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది, అందుకే చేతులు వదిలినా సైకిల్ తిన్నగా పోతుంది. కారు ముందు చక్రం ఏ కీలు మీద తిరుగుతుందో దాన్నీ అలాగే వెనక్కి వాలిస్తే చక్రం దానంతటదే తిన్నబడుతుంది, స్టీరింగుకి బరువొస్తుంది. ఆ వాలు పేరు క్యాస్టర్. కొంచెం వాల్చాడు. రోడ్డు నా అరచేతుల్లోకి వచ్చినట్టయింది. నాకు ఆశ పుట్టింది. ఇంకొంచెం అన్నాను. ఇంకా అన్నాను. చివరికి చేతులు వదిలేసి తల దువ్వుకుంటూ నడిపాను.

“ఇగ ముట్టకు. వెల్డ్ కొట్టెయ్” అన్నాను.

“పక్కానా? మళ్ల మార్చరాదు.”

“పక్కా.”

కొట్టేశాడు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. మా షెడ్డు ముందు సందు తిన్నగా ఉంటుంది, రెండు పక్కలా లారీలు, కారు తిప్పే జాగా లేదు. సందు చివరికి వెళ్ళాక నలుగురం కారును ఎత్తి, వెనక్కి తిప్పి పెట్టి, మళ్ళీ నడిపేవాళ్ళం. అంటే పుట్టిన నాటి నుంచి ఆ కారు ఒక్క మలుపూ తిరగలేదు. ఇది మాకెవరికీ లోపంగా తోచలేదు. వ్యాయామం అనుకున్నాం.

పోటీలో కోన్ల మధ్య ఎనిమిది అంకెలా తిరగాలి. తాడు అవతల అమ్మ, ఇద్దరు పక్కింటి అత్తమ్మలు, పులిహోర డబ్బా. బయలుదేరాను, చప్పట్లు. మొదటి వంపు దగ్గర తిప్పాను. కదల్లేదు. బలమంతా పెట్టి తిప్పితే కాస్త తిరిగి, నా చేతుల్లోంచి విడిపించుకుని తిన్నబడింది. బొటనవేలు కలుక్కుమంది. ఇప్పుడు స్టీరింగు నాకు అన్నీ చెప్తోంది, నా మాటే వినడం లేదు. ముందున్న కోన్లన్నింటినీ వెంటబెట్టుకుని మైదానం దాటి తుమ్మ పొదల్లో ఆగాను. గీత గీసినట్టు వెళ్ళిందన్న తృప్తి ఒక్కటే మిగిలింది.

జడ్జి సారు వచ్చి, వంగి చక్రాలు చూసి, “దీన్ని ఎన్నడన్న మలిపినరా?” అని అడిగాడు.

“ఎత్తి మలిపినం సార్” అన్నాడు ప్రొఫెసర్ నిజాయితీగా.

సారు కాగితం మీద ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు. ఇంకోసారి నడిపే అవకాశం ఉంది గానీ, వెల్డ్ కూడా ఉంది. హెల్మెట్ తీస్తే మొహం కనిపిస్తుందని తీయకుండా కూర్చున్నాను. అంతలో అమ్మ చీర ముళ్ళకు తగలకుండా ఎత్తిపట్టుకుని వచ్చింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

“మస్తు జోరుగ పోయినవ్ బిడ్డా. గీ ముండ్లల్ల ఎందుకు ఆపమన్నరు నిన్ను?”

“గదే రూల్ అమ్మా” అన్నాను.

ఇప్పుడు ఫ్యాక్టరీ ఉద్యోగం, వాయిదాల మీద కొన్న కారు. స్టీరింగు ఒక్క వేలితో తిరుగుతుంది, నాకేమీ చెప్పదు. అయినా ఔటర్ రింగ్ రోడ్డు దిగి కొల్లూరు వైపు మళ్ళే వంపు దగ్గర తెలియకుండానే భుజాలు బిగించి, రెండు చేతులతో పట్టుకుని, యుద్ధానికి సిద్ధమవుతాను. కారు మర్యాదగా తిరుగుతుంది. నాకు కాస్త చిన్నబోయినట్టవుతుంది.

“అప్పటి జోరు లేదు రా నీ కారుకు” అంటుంది పక్కనున్న అమ్మ.

నిజమే, లేదంటాను.