వినికిడి గదిలో వదిన

మా రేడియో స్టేషన్లో ఆవిణ్ని అందరూ జల్లెడ అనేవాళ్లు. చాటుగానే లెండి, ఎదురుపడితే "అక్కయ్యగారూ" అనేవాళ్లు. నేను ఆవిడ పక్క బల్ల దగ్గర ఉత్తరాలు టైపు చేసేవాణ్ని. ఇందులో చాలా మటుకు ఆవిడ నాతో చెప్పిందే. కొంత నేను కళ్లారా చూసింది.

ఆవిడ ఉద్యోగం పాటలు వినడం. మా దగ్గర వారానికి అరగంట సేపు ఒక కార్యక్రమం ఉండేది. ఒక్క మనిషి, ఒక్క వాద్యం, సొంత పాట. తానే రాసుకుని, తానే బాణీ కట్టుకుని, గిటారు ఒళ్లో పెట్టుకుని తానే పాడాలి. దానికోసం వారం వారం అరవై, డెబ్బై రికార్డింగులు వచ్చిపడేవి. అన్నీ విని నాలుగు పక్కన పెట్టి, మిగతావాటి మీద "వద్దు" అని రాయాలి. పదిహేడేళ్లుగా అదే పని, అదే గది.

రెండో అంతస్తు చివర్న ఉండేది ఆ గది. కిటికీ లేదు. గోడలకీ తలుపుకీ మందపాటి మెత్తలు. లోపల గొంతు చించుకున్నా బయటికి పిసరంత వినబడదు. ఫోన్లు బయట చెక్కపెట్టెలో వదిలి వెళ్లాలి. తలుపు మీద ఎర్రబల్బు వెలిగితే ఎవరూ లోపలికి రాకూడదు. "తలుపేసుకున్నాక నా ఊపిరి నాకే వినబడుతుందయ్యా. అదేం మంచి సంగతి కాదు" అనేది ఆవిడ. ముందువైపు ఆఫీసుకి బదిలీ చెయ్యమని రెండుసార్లు అర్జీ పెట్టుకుంది. అంత చెవి ఇంకెవరికీ లేదని రెండుసార్లూ వెనక్కి పంపారు. పొగడ్తతోనే కట్టిపడేశారు మనిషిని.

చెవి ఉన్నమాట నిజం. మధ్యాహ్నం అన్నాల దగ్గర పాడేవాళ్లని ఆవిడ ఏకేస్తుంటే వినడానికి మేమంతా చేరేవాళ్లం. "వెనకాల బృందం లేదు, పక్కన ఇంకో గొంతు లేదు. నక్కడానికి చోటు లేని పాట ఇది. అయినా నక్కుతారు చూడండి!" అనేది. మాట పలచగా ఉన్నచోట గిటారు గట్టిగా బాదేసేవాడు ఆవిడకి దొంగ. ‘బాధ’ అనే మాట ఇంకా రాకముందే నిట్టూర్చి, మనకి ముందస్తుగా కబురు పంపేవాడు ఇంకా పెద్ద దొంగ. వేళ్లలో మరీ పనితనం ఉన్నవాళ్లని చూస్తే అనుమానమే. "తీగల మీద అంత పరుగులెందుకు? ఎవరైనా తరుముతున్నారా?" అనేది.

మెచ్చుకున్నవాళ్లు తక్కువ. ఒక బస్సు డ్రైవరు ఉండేవాడు. వచ్చినవి మూడంటే మూడే స్వరాలు, ఆ మూడింటితోనే, చివరి స్టాపులో నిద్రపోతున్న ముసలాయన్ని లేపలేకపోయిన రోజు గురించి పాడాడు. లాండ్రీలో ఇస్త్రీ చేసే ఒకావిడ, వేరేవాళ్ల చొక్కాల జేబుల్లో దొరికిన చీటీల మీద పాట కట్టి పంపింది. మధ్యలో ఎవరో తలుపు కొడితే ఆగి, "వస్తున్నా" అని, మళ్లీ అందుకుంది. ఆ "వస్తున్నా" తీసేద్దామన్నారు ఆఫీసరుగారు. "అది తీసేస్తే పాట చచ్చిపోతుందండీ" అని అడ్డం పడింది మా జల్లెడ.

ఇంతటి మనిషికి ఇంట్లో మాత్రం నోరు పెగిలేది కాదు. కారణం మరిది.

పెళ్లయిన కొత్తల్లో ఒక సాయంత్రం మరిది గిటారు పట్టుకొచ్చి ఒక పాట పాడాడు. ఇంట్లో వాళ్లంతా కొత్త కోడలి మొహంలోకి చూశారు. రేడియోలో పనిచేసే మనిషి కదా, ఏమంటుందోనని. పాటలో వాన, వెన్నెల, విరిగిన గుండె అన్నీ ఉన్నాయి, ఆ కుర్రాడు తప్ప. కొత్తచోటు, అందరూ చూస్తున్నారు, ఏమంటుంది? "బాగుంది" అంది.

ఆ ఒక్క మాటా పదకొండేళ్లు ఆవిడ మెడకి చుట్టుకుంది. మరిది కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని చేసేవాడు, మంచి పనివాడు. మూడో ఏడు ఉద్యోగం మానేశాడు. "వదినే బాగుందంది, ఇంకెవరు చెప్పాలి?" అన్నాడట. అప్పట్నించీ పొద్దస్తమానం గోడ అవతల అవే తీగలు. ఆఫీసులో ఎనిమిది గంటలు విని, ఇంటికొచ్చి కూర తరుగుతూ మళ్లీ వినాలి. పాట అవగానే గోడ అవతల్నించి, "ఎలా ఉంది వదినా?" బదులు ఎప్పుడూ ఒకటే. ఇన్నాళ్లకి బాగాలేదంటే, మరి ఇన్నాళ్లూ అన్నదేమిటి? భర్తతో ఒకసారి మెల్లగా కదిపింది. "ఒక మాట అంటే నీ సొమ్మేం పోయింది? వాడు సంతోషంగా ఉన్నాడు కదా" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

అత్తగారు ఊరుకునే మనిషి కాదు. "ఊళ్లోవాళ్ల పాటలన్నీ రేడియోలో వేయిస్తావు, మనవాడిది వేయించలేవుటమ్మా?" అని ఏళ్ల తరబడి నస. సొంతవాళ్లవి తను వినకూడదని, అది రూలని తప్పించుకునేది. ఒకనాడు అత్తగారే స్టేషన్‌కి ఫోను చేసి ఆఫీసరుగారితో మాట్లాడేసింది. ఆయన మెత్తటి మనిషి. "దానికేముందమ్మా, రమ్మనండి, నేనే వింటాను" అన్నాడు.

మరిది వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. ఇస్త్రీ చొక్కా, కొత్త తీగలు వేసిన గిటారు. మా అందరికీ నమస్కారాలు పెట్టాడు. తీరా మొదలుపెట్టబోయేసరికి ఆఫీసరుగారికి పైనుంచి పిలుపొచ్చింది. "మీరు రికార్డు చేసి ఉంచండక్కయ్యగారూ. మీ మాటే నా మాట" అని వెళ్లిపోయాడు. వదినా మరిదీ లోపలికెళ్లారు. ఎర్రబల్బు వెలిగింది.

మూడు పాటలు పాడాడట. మూడో పాట అయ్యాక, టీ తెప్పిస్తానని ఆవిడ లేచి తలుపు పిడి తిప్పితే, పిడి కాస్తా ఊడి చేతిలోకొచ్చింది. తలుపు కదల్లేదు. తట్టారు, గుద్దారు. మెత్తల మీద గుద్దితే ఎవరికి వినబడుతుంది? ఆవిడకి ఒక ఆలోచన వచ్చి ఎర్రబల్బు స్విచ్చి టకటకా వేస్తూ తీస్తూ కూర్చుంది. బయట అటెండరు ఆ బల్బు చూశాడు. చూసి, బల్బు పాడైందనుకుని, ఫిర్యాదుల పుస్తకంలో ఎలక్ట్రీషియన్‌కి శుభ్రంగా ఒక ముక్క రాసిపెట్టి వెళ్లిపోయాడు. పక్కనే ఉన్న నేనూ బల్బు పోయిందనే అనుకున్నాను.

లోపల గాలి బరువెక్కింది. మరిది గిటారు మోకాళ్ల మీద పెట్టుకుని, "పోనీలే వదినా, ఎవరో ఒకరు రాకపోరు. ఈలోగా చెప్పు. మూడింట్లో ఏది పంపుదాం?" అన్నాడు.

ఆవిడ ఊడొచ్చిన పిడిని మళ్లీ తలుపుకి బిగించబోయింది.

"మూడూ బాగున్నాయంటావా?"

"లేదు" అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనకే అనుమానమొచ్చిందట.

"ఏది బాగాలేదు?"

"మూడూ."

అతను నవ్వాడు. వదిన నవ్వలేదని చూసి ఆపేశాడు. "పాతవి పాడి ఉండాల్సింది. మొట్టమొదట పాడానే, నీ పెళ్లయిన కొత్తలో, అది..."

"అదీ బాగాలేదు బాబూ. ఆ రోజే బాగాలేదు. అందరూ నా మొహంలోకి చూస్తుంటే అనేశాను."

ఇంకో చోటైతే అతను విసురుగా లేచి వెళ్లిపోయేవాడు. అక్కడ ఎక్కడికి పోతాడు? లేచి, రెండడుగులు వేసి, గోడ అడ్డమొస్తే మళ్లీ వచ్చి, కుర్చీ గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఆవిడ అతని వీపు చూస్తూ కూర్చుంది. అతను ఇటు తిరక్కుండానే అడిగాడు. "మరి ఎవరిది బాగుంటుంది?"

చెప్పడంకన్నా వినిపించడం నయమనుకుని, దాచుకున్నవి ఒక్కొక్కటీ పెట్టింది. డ్రైవరు పాటకి అతను పెదవి విరిచాడు. "ఇతనికి గిటారే రాదు."

"రాదు. కానీ ఆ ముసలాయన్ని నువ్వు చూశావా లేదా?"

లాండ్రీ ఆవిడ పాటలో "వస్తున్నా" దగ్గర మెల్లగా కుర్చీ ఇటు తిప్పాడు. పాట అయిపోయాక చాలా నెమ్మదిగా అన్నాడట. "నీకు చెవి ఉంది, ఒప్పుకుంటాను. ఆ చెవిని పదకొండేళ్లు ఎక్కడ పెట్టావు వదినా? మొదటిరోజే అనుంటే రెండు రోజులు ఏడ్చి ఊరుకునేవాణ్ని. నా వయసెంతో తెలుసా ఇప్పుడు?"

అతనన్న ఈ మాట ఆవిడ నాకు రెండుసార్లు చెప్పింది.

రెండున్నర గంటల తర్వాత ఎలక్ట్రీషియన్ కొత్త బల్బుతో, నిచ్చెనతో వచ్చాడు. ఎందుకైనా మంచిదని తలుపు తీశాడు. ఇద్దరూ చెమటతో తడిసి ముద్దయి బయటికొచ్చారు. మరిది మమ్మల్నెవర్నీ చూడకుండా మెట్లు దిగిపోయాడు. ఆవిడ చీటీ తీసి, నా బల్ల దగ్గరే నిలబడి, "వద్దు" అని రాసి సంతకం పెట్టింది.

ఇంటికెళ్లాక అతను నిజం చెబుతాడనీ, ఇల్లు తన మీద విరుచుకుపడుతుందనీ ఆవిడ సిద్ధపడే వెళ్లింది. అతనలా చెయ్యలేదు. "రికార్డింగు సరిగ్గా రాలేదు. నాకే విసుగొచ్చింది, ఇంక పాడను" అన్నాడట. వారంలో మళ్లీ కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లడం మొదలుపెట్టాడు. అత్తగారు దిష్టి తగిలిందంది. భర్త, "చూశావా, దానంతటదే సర్దుకుంది" అన్నాడు. అతను మాత్రం వదినతో మాట మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, అంతే. ఏ మోతకి పదకొండేళ్లు తల పగిలేదో, అది ఆగిపోయాక ఇల్లు కూడా ఆఫీసు గదిలాగే తయారైందని చెప్పింది ఆవిడ. "వాడు నన్ను తిట్టినా బాగుండునయ్యా. నన్ను కాచి, నోరు మూసుకున్నాడు. దాంట్లోంచి ఎలా బయటపడను?"

ఏడు నెలలు అలాగే గడిచాయి. ఒక ఉదయం అతను చెప్పులు తొడుక్కుంటూ, తల ఎత్తకుండా, "ఆ లాండ్రీ ఆవిడ మళ్లీ ఏమైనా పంపిందా?" అన్నాడట.

"పంపింది. అంత బాగాలేదు."

"ఎందుకని?"

చెప్పింది. అతను విని, వెళ్లిపోయాడు. మర్నాడు ఇంకొకటి అడిగాడు. అలా మొదలైంది. రేడియోలో ఆ అరగంటా విని, వచ్చి వాదించేవాడు. ఓ వారం, బేకరీలో పనిచేసే ఒకతని పాట ఒక్కసారి ప్రసారం చేసి, ఇంక పిలవక్కర్లేదని ఆవిడ రాసేసింది. "ఇందులో తప్పు నీదే వదినా. అతను చివర్న ఊరికే తగ్గలేదు. పక్కగదిలో ఎవరో పడుకున్నారు, వాళ్లు లేవకుండా పాడాడు. మళ్లీ విను" అన్నాడు. మళ్లీ వింది. నిజమే. చీటీ కొట్టేసి, ఇంకో చీటీ రాసింది. పదిహేడేళ్లలో ఆవిడ రాసింది దిద్దుకోవడం నేను చూడ్డం అదే మొదలు.

"మరి ఆయన మళ్లీ పాడతారంటారా?" అని అడిగాను.

"పాడడు. ఆ గిటారు పక్కింటివాళ్లకి ఇచ్చేశాడు" అంది. "వాళ్లమ్మాయి వాయిస్తోంది. నన్ను వినమన్నారు, ఇవాళే వస్తానన్నాను. వెళ్లగానే నిజమే చెప్పాలి, ఏం చెబుతానో ఏమో" అంటూ హెడ్‌ఫోన్లు తీసుకుని లోపలికెళ్లింది. ఇంకా నలభై రికార్డింగులున్నాయి ఆ వారానికి.