చెంపనడుగు

పొద్దున్నే మిషన్ ఆన్ చేశాక గమ్ కరగడానికి కాసేపు పడుతుంది. రోజు మొత్తంలో నాకు దక్కే విశ్రాంతి అదొక్కటే. ఉప్పల్ రింగ్ రోడ్డు దాకా ఒక షేర్ ఆటో, అక్కణ్ణుంచి నాచారానికి ఇంకో షేర్ ఆటో, రెండింట్లోనూ సగం సీటు మీద వేలాడుతూ వచ్చిన ఒళ్ళు స్టూలు మీద కూలబడుతుంది. సరిగ్గా అప్పుడే గమ్ వాసన మొదలవుతుంది. అడుగంటిన పాలూ ఎండకు మెత్తబడ్డ ప్లాస్టిక్ చెప్పులూ కలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. కొత్తగా చేరినవాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఎస్తేరక్క డ్యూటీకి వచ్చేసినట్టు ఉంటుంది. ఆమె పోయి చాలా కాలమైంది. అయినా ఈ పొద్దున కూడా ఆ వాసన రాగానే తల తిప్పి తలుపు వైపు చూశాను.

మా పని ఏమిటో చెప్పకపోతే ఎస్తేరక్క ఎవరో అర్థం కాదు. మాది వంటింటి అరలు, బట్టల అల్మారాలు చేసే చిన్న యూనిట్. మా దగ్గరికి వచ్చే బోర్డు పైనా కిందా నున్నగా, రంగురంగులుగా ఉంటుంది. రంపంతో కోస్తే దాని గుట్టు బయటపడుతుంది. లోపల ఉన్నదంతా నొక్కి అతికించిన చెక్కపొట్టే. ఆ కోసిన పక్కలకు వేడి గమ్‌తో సన్నటి ప్లాస్టిక్ పట్టీ అతికించి, ఎక్కువైనదాన్ని చెక్కేయాలి. సార్లు ఎడ్జ్ బ్యాండింగ్ అంటారు, మేము పట్టీ వేయడం అంటాం. పట్టీ సరిగా అతకకపోతే నీళ్ళు దిగి బోర్డు బూరెలా ఉబ్బుతుంది. సరిగా చెక్కకపోతే అంచు బ్లేడులా కోస్తుంది. పట్టీ వేయని పక్కను ఎస్తేరక్క 'పచ్చి అంచు' అనేది. పచ్చి పుండు అన్నట్టే ఉండేది ఆ మాట ఆమె నోట్లో.

నేను చేరేనాటికి పట్టీ మిషనూ, చివర చెకింగ్ బల్లా రెండూ ఆమె చేతిలోనే ఉండేవి. ఆమె అవునంటేనే సరుకు బండెక్కేది. మెదక్ వైపు పల్లె నుంచి ఎప్పుడో వచ్చి రామంతాపూర్‌లో స్థిరపడ్డ కుటుంబం వాళ్ళది. ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడేది, మిగతా రోజులు అదే గొంతు మా మీద ఎత్తేది. మధ్యాహ్నం డబ్బా తెరిచాక కళ్ళు మూసుకొని ప్రార్థన చేసేది గానీ, ఒక కన్ను సగం తెరిచి బోర్డుల మీదే ఉంచేది. "దేవునికి తెలుసక్కా నువ్వు ఇటు చూస్తున్నవని" అంటే, "ఆయనకు తెలుసు, మీకే తెల్వాలె" అనేది. ఆమె నోట్లో ఎప్పుడూ ఉండే మాట "మళ్ళ తియ్యి". వేసిన పట్టీ పీకి మళ్ళీ వేయమని. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఒకసారి గోడవైపు ఉండే అంచుకు కూడా పట్టీ వేయమంటే ఎదురు తిరిగాను. అందరూ వదిలేసే అంచు అది. "అది గోడకు ఆనుకునేదక్కా. ఎవ్వలకు కనబడతది?"

"గోడకు కనబడదా?" అంది తల ఎత్తకుండానే. "గోడకు చెమ్మ ఉంటది. చెమ్మకు కండ్లుంటయ్. ఏడ పచ్చి అంచు ఉందో ఎతుక్కుంట పోతది. మళ్ళ తియ్యి."

ఇంకా తీసేదేముంది, అసలు వేయనేలేదు కదా అని గొణిగాను. "గయితే మొదలువెట్టు" అంది. ఆ రోజు ఆమెను ఎన్ని తిట్టుకున్నానో నాకే తెలుసు. ఇప్పుడు కొత్తవాళ్ళతో అవే మాటలు అంటూ ఉంటే, వాళ్ళు లోపల నన్ను ఏం తిట్టుకుంటున్నారో కూడా నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం ఆమె మిషన్ దగ్గర నిలబడి నాతో మాట్లాడుతూ పట్టీ సర్దుతోంది. గమ్ వాసనలో ఇంకో వాసన కలిసింది. చూస్తే ఆమె వేళ్ళు గమ్ కాగే డబ్బా మీద ఆని ఉన్నాయి. "అక్కా, చెయ్యి!" అని అరిచాను. ఆమె ముందు నా వైపు చూసింది. ఆ తర్వాతే చేతి వైపు చూసి, నెమ్మదిగా తీసుకుంది. కాలిన మనిషి అరవాలి, ఎగిరి గంతేయాలి. ఆమె అలా నిదానంగా చూడటమే నన్ను భయపెట్టింది.

కుళాయి కింద ఆమె చెయ్యి పట్టుకొని అడిగాను, ఎప్పట్నుంచి అని.

"క్రిస్మస్ కాడికెల్లి. షుగర్ గదా. మొదలు చీమలు పాకినట్టుండె. ఇప్పుడు చీమలు గూడ పోయినయ్."

"సార్‌కు చెప్దామక్కా."

"చెప్పి?" ఆమె కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూసింది అప్పుడే. "ఇంట్ల కూసుంటె నేనెవలనే? షుగరున్న ముసల్దాన్ని. ఈడుంటే ఎస్తేరును. నా నోటికెల్లి అవునంటేనే బండి కదుల్తది. ఎవ్వలకు చెప్పకు, నీకు దండం వెడ్త."

నాకు దండం పెట్టే మనిషి కాదు ఆమె. నోరు మూసుకున్నాను.

మర్నాటి నుంచి ఆమె బోర్డును చేత్తో తడమడం మానేసింది. ముక్కను పైకెత్తి, అంచుకు చెంప ఆనించి, మెల్లగా జరిపేది. ఎక్కడ పట్టీ కొంచెం పొడుచుకొచ్చినా చెంప ఆగేది. "ఈడ ఉన్నది" అనేది. వేళ్ళకు అందని తప్పులు కూడా చెంపకు దొరికేవి. యూనిట్ అంతా ఒకటే నవ్వు. ఎస్తేరక్క బోర్డులకు ముద్దులు పెడుతోందని రంపం దగ్గర పనిచేసేవాళ్ళు ఆటపట్టించారు. "ముద్దులే అనుకోన్రి. మీకైతే పెడ్తలేను గద" అని వాళ్ళ నోరు మూయించింది. నన్నూ అలాగే చూడమనేది. "చేతులు గరుకువడ్డయ్ పిల్లా, అబద్ధం జెప్తయ్. చెంపనడుగు."

ఒక రోజు నాగోల్ నుంచి కస్టమర్లు తమ అల్మారా చూసుకోవడానికి వచ్చారు. మొగుడూ పెళ్ళాం, మర్యాదస్తులే. బల్ల దగ్గర ఎస్తేరక్క బోర్డుకు చెంప ఆనించి ఉండటం చూసి, వచ్చినావిడ కొంచెం మొహం చిట్లించింది. మా సారుకు చిన్నతనంగా అనిపించినట్టుంది.

"అదేంది అక్కా, చేత్తోని చూడరాదు?" అన్నాడు.

ఎస్తేరక్క బోర్డు బల్ల మీద పెట్టి, వేళ్ళతో అంచు తడమడం మొదలుపెట్టింది. ఎదురుగా నేను. మూల దగ్గర పట్టీ పొడుచుకొని ఉండటం నాకు కనిపిస్తూనే ఉంది. ఆమె వేళ్ళు అక్కడికి వచ్చాయి, దాటిపోబోతున్నాయి. గట్టిగా దగ్గాను. ఆగలేదు. మళ్ళీ దగ్గాను.

ఎస్తేరక్క చెయ్యి ఆపి నా వైపు చూసింది. "దగ్గొస్తే పోయి నీళ్ళు తాగు" అంది. తర్వాత సారు వైపు తిరిగింది. "నా వేళ్ళకు తెలుస్తలేదు సార్. షుగరుతోని మొద్దువారినయ్. చెంపకు తెలుస్తది. గిట్ల చూడనిస్తే చూస్త, లేకుంటే పోత." అంటూనే బోర్డు ఎత్తి చెంపకు ఆనించి, "ఈడ ఉన్నది" అని మూల చూపించింది.

మా సారు చెడ్డవాడేం కాదు. "ముందే చెప్పాలె గదక్కా. చెంపతోనే చూడు. మిషన్ కాడికి మాత్రం పోకు, దండం" అన్నాడు. అలా సగం గెలిచింది, సగం పోగొట్టుకుంది. మిషన్ నాకు అప్పగించారు. గమ్ కరుగుతున్నప్పుడల్లా బల్ల దగ్గర నుంచి ఆమె దాని వైపే చూస్తుండేది. నేను పనిచేస్తూ వీపు మీద ఆ చూపు మోసేదాన్ని.

ఆ సగం కూడా ఎక్కువకాలం నిలవలేదు. చెప్పులోంచి మేకు గుచ్చుకుంటే ఆమె పాదానికి తెలియలేదు. సాయంత్రం ఇంటికెళ్ళి చెప్పు విప్పితే నెత్తురట. పుండు మానలేదు. దవాఖానాలో కాలి వేళ్ళు తీసేశారు. ఎస్తేరక్క ఇంట్లో కూర్చుంది, తను భయపడినట్టే.

చూడ్డానికి వెళ్ళాలంటే ఏం పట్టుకెళ్ళాలో తోచలేదు. పండ్లు తీసుకుపోదామంటే షుగరాయె. చివరికి ఒక చిన్న బోర్డు ముక్క కోసి, చుట్టూ పట్టీ వేశాను. మూడు పక్కలూ అద్దంలా చెక్కి, నాలుగో పక్క ఒక మూలన కావాలనే కొంచెం పొడుచుకొచ్చేలా వదిలాను. ఆమె పట్టుకోవాలి, "మళ్ళ తియ్యి" అని నన్ను తిట్టాలి, ఒక్క నిమిషమైనా ఎస్తేరక్క కావాలి. అదీ నా ఆశ.

రామంతాపూర్ సందులో వాళ్ళ చెల్లెలి ఇంట్లో, కిటికీ పక్క మంచం మీద ఉంది. చిక్కిపోయింది. ముక్క చేతికిస్తే మొహం వెలిగింది. కళ్ళు మూసుకొని చెంపకు ఆనించి, నాలుగు పక్కలూ జరిపింది. మూల దాటిపోయింది. "మంచిగున్నది" అని తిరిగి ఇచ్చేసింది.

ఇక ఆ చెంప కూడా పోయిందా అనుకున్నాను. చప్పటి చాయ్ తాగి, అవీ ఇవీ మాట్లాడి లేచాను. గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"పిల్లా, ఆ మూలకు కావాల్ననే వదిలినవు గదా?"

వెనక్కి తిరిగాను. "మరి మంచిగున్నదన్నవు?"

"పానం బాగలేనోళ్ళకు పండ్లు తెస్తరు. నువ్వేందే, తప్పు పట్టుకొచ్చినవు?" నవ్వింది. ఆ నవ్వుకే ఆయాసపడింది. "నేను తిడ్తె నాకు మంచిగనిపిస్తదనుకున్నవు. తిట్టే ఓపిక లేదు బిడ్డా. అలిసిపోయిన. పోయి సరిజెయ్యి దాన్ని, ఎవలకన్న గుచ్చుకుంటది."

ఆమె నాకు చెప్పిన ఆఖరి పని అదే. ఆ వేసవి దాటలేదు ఎస్తేరక్క.

ఇప్పుడు మిషన్‌తో పాటు చెకింగ్ బల్ల కూడా నాదే. నా చేతి మీదుగా పోయే ప్రతి అంచునూ సరిచేసే పంపుతాను, గోడవైపు అంచుతో సహా. ఆ ఒక్క ముక్కను మాత్రం సరిచేయలేదు. చాకు పట్టుకొని ఎన్నోసార్లు కూర్చున్నాను, చేతులు రాలేదు. చెంగిచెర్లలో మా అద్దె ఇంటి కిటికీలో అలాగే ఉంది. పోయినేడు నాకూ షుగర్ అని తేలింది. కొన్నాళ్ళుగా వేళ్ళ చివర్లలో చీమలు పాకుతున్నాయి. అందుకే రోజూ పనికి బయల్దేరే ముందు ఆ మూల మీద వేలు పెట్టి చూసుకుంటాను. నిన్నటిదాకా గుచ్చుకునేది.

ఈ పొద్దున వేలికి తెలియలేదు. ముక్క ఎత్తి చెంపనడిగాను. ఉన్నదంది. డబ్బా సర్దుకొని ఆటో కోసం బయటికి వచ్చాను.