పెట్టె దగ్గర సున్నా

అతన్ని కంపెనీలో అందరూ సెల్లుల బావ అంటారు. మొదట ఆ పేరు పెట్టింది సొంత బావమరిదే. తర్వాత వరస కలవనివాళ్ల నోళ్లలో కూడా అదే నానింది.

ఇనుప గొట్టాల అతుకుల్లో పగుళ్లున్నాయేమో రేడియేషన్‌తో ఫొటో తీసి చూసే కంపెనీ అది. ఆ రేడియేషన్ కొలిచే ఏడు చేతి మీటర్లు అతని పూచీ. శనివారం సాయంత్రానికి ఏడూ స్టోర్ గదికి రావాలి. మూత తీసి సెల్లులు బయటపెడతాడు. స్ప్రింగులను స్పిరిట్ దూదితో తుడుస్తాడు. సోమవారం మళ్లీ సెల్లులు వేసి, బ్యాటరీ బటన్ నొక్కిపట్టి, సూది గీత దాటి నిలబడిందా లేదా అని పది లెక్కపెడతాడు. పాత సెల్లు పక్కన కొత్తది వేయడు. గోడ గడియారానికి ఒక్క సెల్లు ఇమ్మంటే ఎవరికీ ఇవ్వడు.

"వీటి మీద ఉన్న శ్రద్ధ తిండి మీద ఉంటే కాస్త ఒళ్లు చేసేవాడివి బావా," అనేవాడు బావమరిది.

"తిండి సంగతి నువ్వు చూస్తున్నావుగా. ఇద్దరెందుకు?"

భార్య పోయి మూడేళ్లయింది. అప్పటి నుంచి ఫీల్డు పనికి వెళ్లే ముందు బావమరిది రెండు క్యారేజీలతో స్టోరుకొచ్చి, అతనితో కలిసి తినేవాడు. రోజు మొత్తంలో అతను నోరు విప్పి మాట్లాడేది ఆ అరగంటే. ఇంట్లో మాట్లాడ్డానికి మనిషి లేదు. ఆదివారాలైతే సాయంత్రానికి గొంతు పెగలక, ఉత్తినే ఒకసారి దగ్గి చూసుకునేవాడు.

ఒక శనివారం నాలుగో నంబరు మీటరు రాలేదు. బావమరిది దాన్ని సైటు నుంచి నేరుగా ఇంటికి పట్టుకుపోయాడు. సోమవారం భోజనాల వేళ తెచ్చి బల్ల మీద పెట్టాడు. సెల్లుల బావ మూత తీస్తే స్ప్రింగుల చుట్టూ తెల్లటి పొడి. బటన్ నొక్కితే సూదిలో చలనం లేదు.

"శనివారం పనిచేసిందా ఇది?"

"భేషుగ్గా. రిజిస్టర్ చూసుకో."

చూశాడు. పన్నెండు ఫొటోలు. ఒక్కో ఫొటో తర్వాత సోర్స్, అంటే రేడియేషన్ చిమ్మే బిళ్ల, తిరిగి తన సీసపు పెట్టెలోకి వచ్చిందో లేదో పెట్టె దగ్గర కొలిచి రాయాలి. పన్నెండు చోట్లా సున్నా. బ్యాటరీ గడిలో చక్కగా టిక్కు.

అతని చెయ్యి కాగితం మీదే ఆగిపోయింది. సోర్స్ లోపల భద్రంగా ఉన్నా పెట్టె పక్కన సూది కాస్తయినా లేస్తుంది. పెట్టె దగ్గర సున్నా రాదు. వచ్చిందంటే మీటరు చచ్చినట్టే. సోర్స్ బయటే ఆగిపోయి ఉన్నా తెలిసే దారి లేకుండా బావమరిది పన్నెండు సార్లు దాని దగ్గరికి నడిచి వెళ్లాడన్నమాట.

"బటన్ నొక్కావా?"

"నొక్కకుండా టిక్ పెడతానా?"

"మరి పెట్టె దగ్గర సున్నా ఎలా వచ్చిందిరా?"

బావమరిది చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లలేదు. "ఎండకి బుర్ర పనిచేయలేదు బావా. సున్నా కనపడితే హమ్మయ్య అనుకున్నా. ఇప్పుడేమైంది? ఆ పొడి తుడిచేసి కొత్త సెల్లులు వెయ్. నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?"

"నీ ఒంటికి ఎంత తగిలిందో మనిద్దరికీ తెలీదుగా."

"రాశావంటే నన్ను ఫీల్డు నుంచి తీసేస్తారు. అక్క ఉంటే రాయనిచ్చేదా?"

సెల్లుల బావ క్యారేజీకి మూత పెట్టాడు. మీటరును తుడవకుండా, అలాగే ప్లాస్టిక్ సంచిలో పెట్టి సేఫ్టీ సారు గదికి తీసుకెళ్లాడు. రిజిస్టర్లో ఎర్ర సిరాతో రాశాడు: సెల్లు కారింది, పెట్టె దగ్గర సున్నా, ఈ రీడింగులు నమ్మవద్దు.

ఒంటికి తగిలిన రేడియేషన్ నమోదయ్యే బ్యాడ్జీ బావమరిది జేబుకుంటే, దాన్ని ల్యాబుకి పంపారు. ఫలితం వచ్చేదాకా పనిలోకి రావద్దన్నారు. మర్నాటి నుంచి సెల్లుల బావ మధ్యాహ్నాలు బిస్కెట్లతో గడిపాడు. ఎదుటి స్టూలు మీద ఏదో ఒకటి ఉండాలని ఖాళీ డబ్బాలు పెట్టాడు.

మూడు వారాలకి కాగితం వచ్చింది. బ్యాడ్జీకి అదనంగా ఏమీ తగల్లేదు. అతను దాన్ని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి, ఎదుటి స్టూలు మీది ఖాళీ డబ్బాలు కిందికి దించాడు.

కాగితం కోసం వచ్చిన బావమరిది గుమ్మం దాటి లోపలికి రాలేదు.

"చూశావుగా. ఏమీ లేదు."

"లేదురా."

"ఇప్పుడైనా నీ మనసు కుదుటపడిందా?"

వేరే యూనిట్‌కి మార్పించుకున్నానని కాగితం మడుస్తూ చెప్పి వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం సెల్లుల బావ అతనికి ఫోన్ చేశాడు. బావమరిది భార్య ఎత్తింది.

"ఆయన స్నానం చేస్తున్నారన్నయ్యగారూ."

తర్వాతి ఆదివారం పదకొండింటికి చేశాడు. స్నానమే. ఆ పై ఆదివారం మధ్యాహ్నం మూడింటికి చేస్తే, ఆమె కాసేపు తడుముకుని, "స్నానం..." అని మధ్యలోనే ఆగిపోయింది. ఆమె వెనక బావమరిది దగ్గు స్పష్టంగా వినిపించింది.

"చెయ్యనీలేమ్మా," అన్నాడతను. "తొందరేం లేదని చెప్పు."