పరగడుపున ఉప్పు

గుంటూరులో మా వీధిలో ఎవరు పండుమిరపకాయల పచ్చడి నూరినా, జాడీకి ఎత్తేముందు ఉప్పు చూడడానికి మా మేనత్తను పిలిచేవారు. ఆమె పరగడుపునే వెళ్లేది. కాఫీ తాగితే నాలుక అబద్ధం చెబుతుందట. వేలితో తీసి నాకి, కళ్లు మూసుకుని, “ఇంకో గుప్పెడు పడాలమ్మాయ్” అనేది. ఆ మాటకు తిరుగులేదు.

చివరికి కడుపుమంట పట్టుకుంటే ఎండోస్కోపీ చేశారు.

“లోపలి పొర ఏళ్ల తరబడి వాచి ఉందమ్మా. క్రిమి ఉంది, దానికి మీ ఉప్పు తోడైంది. వదిలేస్తే కొందరికి క్యాన్సర్ దాకా పోతుంది. మందులు పూర్తిగా వాడండి, పచ్చళ్లు మానండి” అన్నాడు డాక్టరు.

“నేనెక్కడ తిన్నానండీ? రుచి చూశానంతే!” అంది అత్త.

అన్నదే గానీ భయపడింది. మందులన్నీ మింగింది, పచ్చడి ముట్టలేదు. పిలుపులకు వెళ్లడం మాత్రం మానలేదు. నన్ను వెంటబెట్టుకెళ్లి, నా నోట్లో పచ్చడి పెట్టి, నా ముఖం చూసి తీర్పు చెప్పేది. అదీ పరగడుపునే.

“వీడి కనుబొమ్మ లేవలేదు, ఇంకో గుప్పెడు వెయ్యమ్మాయ్!”

ఆ తర్వాత నా తల నిమిరి, “నీ కడుపు చల్లగా ఉండాలిరా” అని దీవించేది.

ఆ కడుపు పట్టుకుని నేనిప్పుడు అదే డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని కూర్చున్నాను. పచ్చళ్లు తింటారా అని అడుగుతాడు. నేను మాత్రం ఎక్కడ తిన్నాను?