మా పిన్ని లేడన్న మనిషి

ఆ రోజుల్లో ఒక మనిషి ఉన్నాడో లేడో తేల్చుకోవాలంటే వెళ్ళి చూడ్డం తప్ప వేరే దారి ఉండేది కాదు. ఫోనులోనే మొహం కనబడే కాలం ఇంకా రాలేదు. ఇంటర్నెట్ సెంటర్లో గంట లెక్కన కుర్చీ అద్దెకు తీసుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట్లాడుకునే కాలం అది. నేను హార్బరు దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంటు ఆఫీసులో గుమస్తాని. పగలంతా ఓడల్లో వచ్చిన సరుకు కాగితాలు పట్టుకుని పోర్టు గేట్ల చుట్టూ తిరిగి, సాయంత్రం జగదాంబ జంక్షన్ దగ్గర నెట్ సెంటర్లో ఒక చెక్క గదిలోకి దూరేవాణ్ణి. అక్కడే నాకు ‘వెన్నెల’ పరిచయమైంది. (నా పేరు అక్కడ ‘కెరటం’. పక్క గదిలో కూర్చునే మా బావ పేరు ‘టైగర్’. అతనికి ఎవరూ జవాబిచ్చేవారు కారు.)

వెన్నెల కంచరపాలెంలో రైలు పట్టాల పక్క వీధిలో ఉంటానని, ఇంట్లోనే పిల్లలకి ట్యూషన్లు చెబుతానని చెప్పింది. నేనూ ఉన్నది ఉన్నట్టే చెప్పాను: అసలు పేరు, మా పేట, మావాళ్ళు సముద్రం మీద వేటకెళ్ళేవాళ్ళని. ఆమె తన పిల్లలు రాసిన తప్పు జవాబులు చెప్పి నవ్వించేది. నేను రేవులోకి వచ్చిన ఓడల పేర్లు చెప్పేవాణ్ణి, అవి నావే అయినట్టు. కొన్ని నెలలు ఇలా గడిచాక బావకి నా మీద జాలో అసూయో కలిగింది.

“బావా, అది ఆడపిల్లేనని ఏటి గేరంటీ? సబ్బవరంలో మావోడొకడు ఇలాగే పేమించి పూలట్టుకుని ఎల్తే, అటేపు నుంచి మీసాలోడొచ్చి థాంక్స్ బ్రదర్ అన్నాడంట.”

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు సిగ్గు విడిచి ఫోటో అడిగాను. పంపింది. ఆ రోజుల్లో ఫోటో పైనుంచి గీత తర్వాత గీతగా దిగేది. పాపిడి వచ్చింది, నుదురు వచ్చింది, రెండు పెద్ద కళ్ళు వచ్చాయి, కరెంటు పోయింది. సరిగ్గా మీసాలుండే చోటు దగ్గర ఆగిపోయింది. మళ్ళీ పంపమని అడుగుదామనుకుంటే, ఆ మరుసటి రోజు నుంచి వెన్నెల రావడమే మానేసింది. నేను రోజూ వెళ్ళి కూర్చునేవాణ్ణి. “నాను సెప్పినానా, మీసాలోడే” అనేవాడు బావ, కొంచెం సంతోషంగా.

ఇక ఉండబట్టలేక మా పిన్నిని అడిగాను. మా అమ్మ చెల్లెలు. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని కంచరపాలెం వీధుల్లో చేపలమ్మేది. ట్యూషన్లు చెప్పే అమ్మాయి ఒకతె ఆ పట్టాల వీధిలో నిజంగా ఉందా అని, ఏమీ ఎరగనట్టు అడిగాను.

“ఆ టూషన్ పాపా? లేకపోడమేటి, ఆలమ్మ నా దగ్గరే సేపలు కొంటాది. మొన్న ఆ పాపే నన్ను పక్కకి పిలిసి నీ గురించడిగింది. మీ పేటలో ఫలానా పేరుగలోడు ఉన్నాడా, పోర్టు కాడ పన్జేత్తాడా అని.”

గబుక్కున అడిగాను, “నువ్వేటన్నావు?”

“లేడన్నాను.”

“పిన్నీ!”

“మరేటనమంటావురా? ఏ సంబంధమోల్లో కూపీ లాగతన్నారనుకున్నాను. నీకా పెర్మినెంటు ఉద్యోగం లేదు. సాయంత్రమైతే ఎక్కడ తిరుగుతావో మీయమ్మకే తెల్దు. మంచోడని సెప్పడానికి నోరు రాలేదు, సెడ్డోడని సెప్పడానికి మనసు రాలేదు. లేడని సెప్పేసినాను.” (నన్ను లేకుండా చేయడం అబద్ధం కిందికి రాదని ఆవిడ నమ్మకం.)

ఆమె ఉందని నాకు తెలిసేటప్పటికే, నేను లేనని ఆమె నిర్ధారించుకుంది. పిన్నికి అంతా చెప్పి, ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆఫీసు గుర్తింపు కార్డు జేబులో పెట్టుకుని, పిన్ని వెనకాల కంచరపాలెం వెళ్ళాను. తల్లి గుమ్మంలోకి వచ్చింది. వెనకాలే ఆమె. నేను చూసిన కళ్ళే, కింద మీసాలు లేవు. పిన్ని గంప దించి అసలు సంగతి చెప్పేసింది.

“పాపా, మొన్న నువ్వడిగినోడు ఈడే. మా అక్క కొడుకు. మొన్న లేడన్నాను గానీ, ఉన్నాడు.”

“మొన్న లేనోడు ఈవేళ ఎక్కణ్ణుంచి వచ్చాడే?” అంది తల్లి.

నేను కార్డు తీసి వెన్నెలకి ఇచ్చాను. మా ఆఫీసు వాళ్ళు రబ్బరు ముద్ర సరిగ్గా నా మొహం మీద గుద్దారు. ఆమె దాన్ని వెలుతురులోకి తిప్పి చూసి, “ఈ ముద్ర కింద ఉన్నది మీరేనా?” అంది. అవునన్నాను. తల్లి చేపలు ఏరుకుంటోంది. వెన్నెల గొంతు తగ్గించి చెప్పింది.

“మీరు లేరని తెలిశాక రెండ్రోజులు అన్నం తినలేకపోయానండి. తర్వాత, లేనివాళ్ళ కోసం ఎన్నాళ్ళని ఏడుస్తాం అనిపించింది. నాన్నగారు ఎప్పట్నుంచో ఒక సంబంధం చెబుతున్నారు. మొన్ననే సరే అన్నాను.”

“మంచివాడేనా?” అన్నాను.

“మనిషైతే ఉన్నాడండి, వచ్చి చూసి వెళ్ళాడు” అని నవ్వేసింది. నేనూ నవ్వాను. కార్డు తిరిగి ఇచ్చేసింది.

తిరిగొచ్చే దారిలో పిన్ని మిగిలిన చేపలు అడిగిన ధరకే ఇచ్చేసింది. ఆవిడ బేరమాడకుండా అమ్మడం నేను అదే మొదటిసారి చూడ్డం. ఆ రోజు నుంచి నా గురించి ఎవరేం అడిగినా ఆవిడ ఊరుకోలేదు. ఇల్లెక్కడని అడిగిన పోస్టుమేన్‌కి కూడా “ఉన్నాడు బాబూ, బంగారంలాంటోడు” అని మొదలుపెట్టేది. తర్వాత నాకు పెళ్ళయింది, పెర్మినెంటు ఉద్యోగమూ వచ్చింది. ఆ ఇస్త్రీ చొక్కా కుర్రాడు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ నవ్వొస్తుంది. పెళ్ళి కుదిరిపోయిన పిల్లని చూసి వస్తూ, బస్సులో పిన్ని ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని, వాడు దిగులు పడాల్సింది పోయి లోలోపల మురిసిపోతున్నాడు. ఎందుకంటే ఒక మనిషి వాడు లేడని రెండ్రోజులు అన్నం మానేసింది. వాడు ఉన్నాడని తెలిసినవాళ్ళెవరూ వాడి కోసం ఒక్క పూట కూడా మానలేదు.