పాత ల్యాప్‌టాప్‌కు పెట్టిన బొట్టు

మా ఆయన డిగ్రీ చదివే రోజుల్లో కొన్న ల్యాప్‌టాప్ అది. చదువు అయ్యాక ఆయన లారీ ఎక్కి నాపరాళ్లు తోలుతున్నాడు. ల్యాప్‌టాప్ బీరువా మీద ఎక్కి కూర్చుంది. దాన్ని ఆన్ చేసి, ఎసరు పెట్టి, అన్నం వార్చి వచ్చినా తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. అమ్ముదామంటే కొనేవాడు లేడు.

అలాంటి దానితో నాకు పని పడింది. టీచరు ఉద్యోగానికి పరీక్ష ఇప్పుడు కంప్యూటర్ మీదే రాయాలి. పోయినసారి రాసినప్పుడు నా చేయి మౌస్ మీద నిలవలేదు. ఒకచోట నొక్కబోతే బాణం ఇంకోచోటికి జారిపోయేది. టైమ్ అయిపోయి తెర మూసుకుపోయేసరికి చివరి ప్రశ్నలు, అన్నీ నాకు తెలిసినవే, తాకకుండా మిగిలిపోయాయి. రానివి వదిలేస్తే బాధ లేదు. వచ్చినవి వదిలేసి రావడం ఎంత మంటో పడ్డవాళ్లకే తెలుస్తుంది. మాచర్ల దాకా బస్సులో ఏడుస్తూనే వచ్చాను.

మళ్లీ పరీక్ష పడింది. ఈసారి ఇంట్లోనే రోజూ మౌస్ అలవాటు చేసుకోవాలి. పాత యంత్రాలకు సరిపోయే, విండోస్ బదులు ఊరికే వేసుకోగలిగే తేలికపాటి లినక్స్ ఉందని ఒక వీడియోలో చూసి, బస్టాండు దగ్గర నెట్ షాపులో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని తెచ్చాను.

"ఊరికే ఇచ్చేదేందే? ఊరికే ఇచ్చినోడు రేపు నెత్తినెక్కి కూర్చుంటాడు," అంది మా అత్త.

"ఎక్కడెక్కడి వాళ్లో రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేశారత్తా. చేతనైనవాళ్లు దాన్ని బాగు చేస్తూ ఉంటారు."

"చలివేంద్రం లాంటిదన్నమాట. అట్టయితే మంచోళ్లే."

ఆమె పుట్టిల్లు రెంటచింతల. ఆ ఎండల్లో పెరిగిన మనిషికి అంతకు మించిన మెచ్చుకోలు లేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక కూర్చున్నాం. పెన్‌డ్రైవ్ కొంచెం బిగుతుగా దిగితే, పాతది గదా అని తోశాను. వీడియోలో చెప్పిన మీట నొక్కితే పాత డిస్క్ పేరు ఒక్కటే వచ్చింది. పెన్‌డ్రైవ్ ఊసే లేదు. పెన్‌డ్రైవ్ పెట్టే రెండు కంతల్లో ఒకటి ఎప్పుడో విరిగింది. రేపు మౌస్ పెట్టాలన్నా ఈ రెండోదే దిక్కు. అనుమానం వచ్చి ఫోన్ లైటు వేసి చూశాను. లోపల పసుపూ కుంకుమా గడ్డకట్టి ఉన్నాయి.

ఆయుధపూజ నాడు మా ఇంట్లో బొట్టు లేని యంత్రం ఉండదు. లారీ, మిక్సీ, నీళ్ల మోటారు, ఆఖరికి బీరువా మీది ల్యాప్‌టాప్ కూడా.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మూత మీద పెడితే చాలదా? అందులో ఎందుకు పెట్టావత్తా?"

"తీగ దూరేది అక్కణ్ణుంచే గదే. ప్రాణం ఉన్నకాడ గాక ఇంకేడ పెడతారు?"

కోపం మధ్యలోనే నవ్వొచ్చింది. పిన్నీసు తీసుకుంటే ఆమె చేయి పట్టుకుంది. "పొడవమాక. చెడిపోద్ది." లోపలికి వెళ్లి దూది తెచ్చి, దీపానికి చేసినట్టే ఒత్తి చేసింది, కాకపోతే గట్టిగా, పుల్లలా. నేను బ్యాటరీ తీసేశాను. కరోనా నాటి శానిటైజర్‌లో ఒత్తి కొస ముంచి, కంతలో మెల్లగా తిప్పింది. ఒకదాని తర్వాత ఒకటి పచ్చటి ఒత్తులు బయటికొచ్చాయి. ఆఖరిది తెల్లగా వచ్చేదాకా ఆమె వదల్లేదు. ఆ ఓపిక చూస్తే నాకు ముచ్చటేసింది.

ఫ్యాన్ కింద బాగా ఆరనిచ్చి మళ్లీ పెట్టాను. ఈసారి పెన్‌డ్రైవ్ పేరు కనిపించింది. పాతదంతా తుడిచేయనా అని అది అడిగితే మా ఆయనకు ఫోన్ చేశాను. "నా పాటలు తప్ప ఏముందందులో? తుడిచెయ్," అన్నాడు. తుడిచేశాను. టీ కాచుకుని తాగేసరికి కొత్త తెర వచ్చి కూర్చుంది. ఆపి మళ్లీ ఆన్ చేసినా విసుక్కోకుండా లేచింది. అందులో తెలుగు కూడా ఉంది. ఎవరో కూర్చుని ఒక్కో మాటా తెలుగు చేసి పెట్టారు. ముఖం తెలియని ఆ మనిషికి దండం పెట్టాలనిపించింది. ముసలిదైపోయిందని మేం పక్కన పడేసిన యంత్రం మీద వాళ్లకున్న నమ్మకం ఎంతటిదో.

ఆ రోజు నుంచి రోజూ మాదిరి పరీక్షలు రాశాను. మొదట్లో బాణం పాత వేషాలే వేసింది. పక్కనే చిక్కుళ్లు ఒలుస్తూ మా అత్త, "కంగారు పడమాక, అదెక్కడికీ పారిపోదు," అనేది. పోనుపోను మౌస్ చేతిలో ఉన్న సంగతే మర్చిపోయాను.

నరసరావుపేటలో పరీక్ష రాసి వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది. పేపరు ఎట్టా ఉందని అడగలేదు.

"అన్నిటికీ నొక్కొచ్చావా?"

"అన్నిటికీ పెట్టానత్తా. ఇంకా టైమ్ మిగిలితే మళ్లీ చూసుకున్నా."

నా భుజం మీది బ్యాగు తీసుకుని, "ఇక ఉద్యోగం ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు. నీకు వచ్చిందాన్ని మాత్రం వదిలేసి రాలేదు గదా," అంది.